రెండు బండి ఱలు

తిరువళ్లూరులోని ఫ్లెక్సు షాపు నుంచి ప్రూఫు సోమవారం మధ్యాహ్నం నా ఫోనుకు చేరింది. పంపింది మా ఊరి ఇప్పటి ప్రెసిడెంటు. ముప్పై ఏళ్లు నిండని మనిషి, నన్ను అక్కా అంటాడు. ప్రూఫు కింద ఒక వాయిస్ మెసేజి కూడా పెట్టాడు. "అక్కా, మీరొక తూరి చదివి చెప్పండి. తప్పులుంటే పెద్దాయన లేసొచ్చి అడిగినా అడుగుతాడు."

నవ్వొచ్చింది. పెద్దాయన పోయి పది రోజులైంది. కర్మాంతరం నాటికి బస్టాపు దగ్గర ఫ్లెక్సు కట్టాలని ఊళ్లో అనుకున్నారు. పైన పెద్ద తమిళ అక్షరాల్లో 'కణ్ణీర్ అంజలి'. దాని కింద ఆయన ఫోటో. విడిగా దిగిన మంచి ఫోటో ఇంట్లో ఒక్కటీ దొరకలేదట, గ్రామసభ గుంపు ఫోటోలోంచి కత్తిరించారు. అందుకని కుడి చెయ్యి పైకి లేచి ఉంది. తెలియనివాళ్లు చూస్తే ఊరిని దీవిస్తున్నాడనుకుంటారు. దీవెనా పాడా, అది "ఒక చిన్న సందేహం" అంటూ లేస్తున్న చెయ్యి.

తిరుత్తణి నుంచి తిరువళ్లూరు పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి వెళ్తే మా ఊరు. ఊరాట్చికి, అంటే పంచాయతీకి, ఆయన రెండు టర్ములు ప్రెసిడెంటు. ఆయన తర్వాత మేం ముగ్గురం. మొదట ఆయన దగ్గరే స్కూటరు తోలుతూ పని నేర్చుకున్న మనిషి, తర్వాత నేను, ఇప్పుడు ఈ తమ్ముడు. ముగ్గురితోనూ ఆయనకు పడలేదు. ఒకరితో ఎక్కువ, ఒకరితో తక్కువ అని కూడా లేదు. ఆ విషయంలో చాలా న్యాయంగా ఉండేవారు.

గ్రామసభ ఎప్పుడు జరిగినా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవారు. కుర్చీ వేస్తే కూర్చునేవారు కాదు. చివరి వరుస వెనకాల షామియానా కొయ్యను పట్టుకుని నిలబడేవారు. సెక్రటరీ చదవడం మొదలుపెట్టి రెండు తీర్మానాలు దాటకముందే ఆ చెయ్యి లేచేది. చిన్న సందేహం అనేవారు గానీ అది ఎన్నడూ చిన్నది కాదు. దానికి పిల్లలుండేవారు, మనవళ్లుండేవారు. అందరూ టీ తాగేసి, గ్లాసులు కూడా తీసుకుపోయాక ఆ సందేహం తీరేది.

ఊరాట్చి ఆఫీసుకు రోజూ పొద్దున్నే వచ్చేవారు, గడప దాటేవారు కాదు. బయట మెట్టు మీద కూర్చుని, లోపలికి పోయేవాళ్లనూ బయటికి వచ్చేవాళ్లనూ పలకరించి విషయం కనుక్కునేవారు. లోపలికి రండి మామా అంటే ఒకటే జవాబు.

"ఆ కుర్చీ సెలూను కుర్చీ మాదిరమ్మా. మన పని అయినాక దిగిపోవల్ల. అద్దంలో మొగం చూసుకుంటా కూచుంటే ఎనకాల నిలబడినోడు తిడతాడు."

మాట గొప్పగానే ఉంది. అన్న మనిషి దిగి అన్నేళ్లయినా అద్దం వదిలిపెట్టలేదు. ఊరి నీళ్ల ట్యాంకు ఆయన కట్టించింది. ట్యాంకు కాలుకు నల్లరాయి మీద ఆయన పేరు చెక్కించుకున్నారు. తర్వాత గెలిచిన స్కూటరు మనిషి ఏం చేశాడంటే, సరిగ్గా ఆ రాయికి ఎదురుగా మోటారు గది కట్టించాడు. గది గోడకూ రాయికీ మధ్య పిల్లి దూరే సందు కూడా లేదు. పెద్దాయన టేపు తీసుకుని వెళ్లి కొలిచి, గోడను మూరెడు వెనక్కి జరపాలని తిరువళ్లూరు కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చారు. సోమవారం అర్జీలకు ఆయన అలవాటు పడింది అప్పుడే. తర్వాత ఆ అలవాటు గోడను దాటి ఊరంతా పాకింది.

ఆయనకు అన్నిటికంటే ఒళ్లు మండే మాట 'మున్నాళ్'. తమిళంలో మాజీ అని అర్థం. పెళ్లి పత్రికల్లో, గుడి కుంభాభిషేకం బ్యానర్లలో ఆయన పేరు పక్కన 'మున్నాళ్ తలైవర్', అంటే మాజీ ప్రెసిడెంటు, అని వేసేవారు. ఆయన దాన్ని తెలుగులో చదివేవారు.

"చూడు, మళ్లా ఏసినారు. మూణ్ణాళ్ల తలైవరంట! పదేండ్లు చేసినానురా, మూణ్ణాళ్లంటారే!"

నవ్వేవాళ్లం. ఆయన నవ్వేవారు కాదు. ఒకసారి నాతోనే అన్నారు, "ఊరికే అనలేదులే. మూణ్ణాళ్ల ముచ్చటే అది. పదేండ్లు కుర్చీలో కూచోని పక్కనోళ్లు చెప్పింది చేసినా. ప్రెసిడెంటు పని నాకు తెలిసొచ్చింది దిగినాకనే." ఆ మాట వెనక ఏముందో తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

నా సంగతి చెప్పాలి. నాది నగరి పక్కన పల్లె. పదో తరగతి దాకా తెలుగు బడి. పెళ్లయి సరిహద్దు దాటి ఈ ఊరొచ్చాను. వచ్చింది పట్టుమని గంట ప్రయాణం, అయినా వచ్చిన రోజే చదువురానిదాన్ని అయిపోయాను. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, బయట తమిళం కూడా నోటికి తొందరగానే పట్టుబడింది. అక్షరం పట్టుబడలేదు. బస్సు మీద బోర్డు ఎవరినో అడగాలి, రేషన్ షాపు నోటీసు ఎవరో చెప్పాలి. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైనదాన్ని, ఆ సిగ్గు లోపల దాచుకుని తిరిగేదాన్ని.

అట్లాంటప్పుడు ప్రెసిడెంటు సీటు ఆడవాళ్లకు వచ్చింది. మావాళ్లు నన్ను నిలబెట్టారు. పెద్దాయన తన తమ్ముడి భార్యను నిలబెట్టారు. నేను గెలిచాను, అదీ కొద్ది ఓట్లతో, గొంతులోకి వచ్చిన ప్రాణం వెనక్కి పోయినట్టుగా. అసలు గెలిచింది మా ఆయనేనని ఊరికి తెలుసు. ఆయన చదివి చెబుతాడు, సెక్రటరీ వేలు పెట్టి చూపిస్తాడు, నేను అక్కడ సంతకం పెడతాను. నా సంతకం తెలుగులో గుండ్రంగా, చాలా అందంగా ఉంటుంది.

మొదటి గ్రామసభ. సెక్రటరీ తీర్మానాలన్నీ గబగబా చదివి పుస్తకం నా ముందు పెట్టాడు. నేను పెన్ను మూత తీశాను. వెనకాల చెయ్యి లేచింది.

"ఒక చిన్న సందేహం. తీర్మానం చదివింది ఎవురు?"

"నేనే సార్," అన్నాడు సెక్రటరీ.

"సంతకం పెట్టేది ఎవురు?"

"ప్రెసిడెంటు మేడం."

"చదివినోళ్లు సంతకం పెట్టరు, సంతకం పెట్టేవాళ్లు చదవరు. ఇదేం పద్ధతి? ప్రెసిడెంటమ్మ చదవల్ల. చదివినాకే సంతకం."

అందరూ నావైపు తిరిగారు. పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. ఒక్క అక్షరం కూడా నా వైపు కళ్లెత్తి చూడలేదు. నిలబడి, తల దించుకుని, "నాకు తమిళం చదవను రాదు మామా" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మళ్లీ అన్నారు, "రాకుంటే నేర్చుకో. వచ్చే సభకు చదవల్ల."

ఇంటికి వచ్చి ఆయన్ను తిట్టని తిట్టు లేదు. తమ్ముడి పెళ్లాం ఓడిపోయిందని కక్ష, ముసలి పీనుగ, నోరు పడిపోను అని అన్నీ అన్నాను. మా ఆయన ఓదార్చాడు. "ఆ ముసలోడి మాట పట్టించుకోబాక. నేను ఉండా కదా చదవను." ఆ మాటకు నాకు ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

మర్నాటి నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టాను. పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఇంట్లో నవ్వుతారని బస్టాపులో నేర్చుకున్నాను. మా వైపు ఎవరు పోయినా ఫ్లెక్సు కడతారు కదా, ఒక్కో అక్షరం చెయ్యంత ఉంటుంది. బస్సు కోసం నిలబడినట్టు నిలబడి, చనిపోయినవాళ్ల పేర్లు కూడబలుక్కునేదాన్ని. ఎవరి సాయమూ లేకుండా నేను తమిళంలో మొదట చదివిన మాట 'కణ్ణీర్ అంజలి'. మన కన్నీరే, మన అంజలే! ఇంత తెలిసినవి ఇంతకాలం అట్లా ముఖం తిప్పుకుని ఉన్నాయా అనిపించింది. ఆ రోజు బస్సు వచ్చినా ఎక్కలేదు. చనిపోయిన ఆ ముక్కూ మొహం తెలియని ముసలావిడకు దండం పెట్టి ఇంటికి వచ్చేశాను.

తర్వాతి సభకు నత్తలా చదివాను. ఆ తర్వాతి సభకు ఎద్దుబండిలా చదివాను. పెద్దాయన మెచ్చుకోలేదు. కొయ్య పట్టుకుని విని, చదవడం ముగిశాక "సరే, అర్థం?" అనేవారు. అర్థం చెప్పేదాన్ని. తప్పు పట్టడానికి దొరికితే పట్టేవారు, దొరకకపోతే వీధుల్లో ట్యూబులైట్ల మీదికి వెళ్లేవారు.

రెండో ఏడు ఒక సభ ముందు రోజు మా ఆయన అన్నాడు. "రేపు మేత పోరంబోకు గురించి ఒక తీర్మానం వస్తాది. ఊరికి మంచిదే. పెట్టేయి."

ఊరి పడమట, చెరువు కట్ట దిగితే మేత భూమి. ఊళ్లో పాలు పోసి బతికే ఇళ్లకు అదే ఆధారం. కొట్టంలో కట్టేసి దాణా పెట్టే స్తోమత అందరికీ లేదు. ఆ భూమి పోతే ముందు ఆవులు పోతాయి, ఆ వెనక అవి మేపే ఆడవాళ్లు గోడౌన్లలో అట్టపెట్టెలు మడవను పోవాలి. అంతవరకు నాకు బాగా తెలుసు.

సభలో సెక్రటరీ చదివాడు, 'మేయ్‌క్కాల్ పొరంబోకు వగై మాట్రం'. విని నాకు సంతోషమేసింది. మేత పోరంబోకు, మాత్రం! మేతకు మాత్రం, ఇంక దేనికీ కాదు. ఎంత మంచి తీర్మానం, ఇది నా టర్ములో రావడం ఎంత అదృష్టం అనుకున్నాను. పెన్ను మూత తీశాను.

"ఒక చిన్న సందేహం. ప్రెసిడెంటమ్మ చదవల్ల."

ఈసారి గర్వంగా నిలబడి చదివాను. ఒక్క అక్షరం కూడా తడబడలేదు.

"అర్థం?"

"మేత భూమి మేతకు మాత్రం అని మామా. ఇంక దేనికీ ఇయ్యకూడదని."

సెక్రటరీ బల్ల కింద తన చెప్పుల్ని వెతుక్కుంటున్నట్టు వంగాడు. ముందు వరుసలో కూర్చున్న మా ఆయన తల ఎత్తలేదు. పెద్దాయన కొయ్య వదిలిపెట్టారు. నేను చూసిన అన్నేళ్లలో ఆయన షామియానా వెనక నుంచి ముందుకు రావడం అదే మొదటిసారి. నెమ్మదిగా నడిచొచ్చి, పుస్తకం మీద ఆ మాట దగ్గర వేలు పెట్టారు.

"ఈ అక్షరం ఏమిటిది?"

"ర."

"ఏ ర?"

"పెద్ద ర మామా."

"అరవంలో పెద్ద ర. మన తెలుగు బళ్లో దాన్ని ఏమనేవాళ్లు?"

ఆయన బడికి పోయిన రోజుల్లో ఈ ఊరి బడిలోనూ తెలుగే. ఆయనా నేనూ వేరువేరు కాలాల్లో ఒకే అక్షరాలు దిద్దాం. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది.

"బండి ఱ," అన్నాను.

"ఎన్ని ఉండాయి?"

"రెండు. ఒకదాని ఎనకాల ఒకటి."

"మన మాత్రంలో బండి ఉండాదా?"

"లేదు మామా."

"లేదు కదా. అయితే ఇది మన మాత్రం కాదు. చెవికి ఒకటే మాదిరి ఇనపడతాది, కంటికి వేరే. ఇది రాసేటప్పుడు మాఱ్ఱం, పలికేటప్పుడు మాట్రం. మార్పు. వగై అంటే రకం. మేత భూమి అనే పేరు తీసేసి ఇంకో పేరు పెడతా ఉండారు. రెండు బండ్లు కట్టుకోని వచ్చినారమ్మా, భూమిని ఎత్తకపోను. నువ్వు సంతకం పెడితే తోలుకోని పోతారు."

నేను సంతోషంగా పెట్టబోయిన సంతకం అది. ఊళ్లో ఆవులన్నిటినీ నా గుండ్రటి తెలుగు అక్షరాలతో అమ్మేసేదాన్ని, అమ్మేసి ఇంటికి పోయి పాయసం చేసుకునేదాన్ని.

మూత బిగించాను. "ఈ తీర్మానం లేదు. కొట్టేయండి," అన్నాను. సెక్రటరీ మా ఆయన వైపు చూశాడు. "ఇటు చూడు సెక్రటరీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ పేజీ మీద అడ్డంగా గీత గీసి, కింద మొదటిసారి తమిళంలో సంతకం పెట్టాను. వంకర టింకరగా ఉంది. ఇప్పటికీ ఆ పుస్తకంలో ఉంటుంది.

మా ఆయన ఆ తీర్మానం ముందే చదివాడో లేదో నేను అడగలేదు. ఈ రోజు దాకా అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆ తర్వాత నాకు కాగితాలు చదివి పెట్టడం మానేశాడు. అంతటితో సరిపెట్టుకున్నాం.

ఇంత చేసిన పెద్దాయనకు థాంక్స్ చెబుదామని మర్నాడు ఆఫీసు మెట్టు దగ్గరికి పోతే ఏం చేస్తున్నారనుకున్నారు? తొడ మీద అట్ట పెట్టుకుని అర్జీ రాస్తున్నారు. 'మా ఊరి ప్రెసిడెంటుకు తీర్మానం అర్థం తెలియదు, కాబట్టి విచారణ జరపాలి' అని. నన్ను చూసి కాగితం దాచను కూడా దాచలేదు.

ఆ అర్జీల సంగతే ఇంకొకటి ఉంది. ఒక సోమవారం నాకు కలెక్టరాఫీసులో మీటింగు. తిరుత్తణిలో లోకల్ ట్రైను ఎక్కితే ఎదురు సీట్లో ఆయన. ఒళ్లో ప్లాస్టిక్ ఫైలు.

"యాడికమ్మా?"

"కలెక్టరాఫీసుకు మామా. మీరు?"

"నేనూ ఆడికే. నీ మీద అర్జీ ఇయ్యను."

పొట్లంలో వేరుశనక్కాయలు సగం నాకు ఇచ్చారు. అరక్కోణం దాటేదాకా ఇద్దరం కాయలు వొలుచుకుంటూ కూర్చున్నాం. అప్పుడు ఆయన ఫైలు తెరిచి, నా మీది అర్జీ నా చేతికే ఇచ్చారు.

"కోడలా, నాకు చిన్న ర, బండి ర యాడేది పడతాదో ఇప్పటికీ తెలీదు. ఒక తూరి చూసి పెట్టు. తప్పులుంటే ఆ ఆఫీసరు నవ్వతాడు."

చదివాను. వీధి దీపాలు పట్టపగలు వెలుగుతున్నాయనీ, ప్రెసిడెంటు నిద్రపోతోందనీ ఉంది. నిజమే, రెండు వీధుల్లో వెలుగుతున్నాయి. ఆరు తప్పులు దిద్దాను. నా పేరు కూడా తప్పు రాశారు, దాన్నీ సరిచేసి ఇచ్చాను. ఆయన కళ్లజోడు పైకి జరిపి, దిద్దినవన్నీ ఒక్కొక్కటే చూసుకున్నారు.

"బాగా చదవతా ఉండావే," అన్నారు. ఆయన నోట నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే.

ఆ ధైర్యంతో అడిగేశాను. "మామా, నా మీద మీకు ఎందుకింత పగ?"

కడంబత్తూరులో బండి ఆగింది. ఆయన ఒళ్లో పడిన కాయల పొట్టు దులుపుకున్నారు. బండి కదిలాక అన్నారు.

"పగ కాదంటే అబద్దమయితాది. పగే. మా తమ్ముడి పెళ్లాం ఓడిపోయినప్పుడు రెండు రోజులు అన్నం తినలేదు నేను. పగ లేకుంటే నీ పనిని ఇంత శ్రద్ధగా ఎవురు చూస్తారు? నీ మొగుడు చూస్తాడా? నీకు ఓటేసినోళ్లు చూస్తారా?"

గొంతు తగ్గించారు. "మన చెరువుకు నీళ్లొచ్చే కాలవ యాడుంది చెప్పు."

"కాలవ యాడుంది మామా? ఆడ ప్లాట్లు కదా."

"ప్లాట్ల మద్దిలో రోడ్డు ఉండాది చూడు, అదే కాలవ. దానికి తీర్మానం పెట్టింది నేను. నాకు కూడా అరవం చదవను రాదమ్మా అప్పుడు. మొదటి టర్మంతా సెక్రటరీ వేలు పెట్టిన చోట పెట్టినా. రాదని చెప్పుకునే దానికి సిగ్గు. ప్రెసిడెంటు కదా! ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు లేచి, చదువు అనలేదు నన్ను. అందరూ మంచోళ్లే. మర్యాద తెలిసినోళ్లు. నాకు నా మాదిరి శత్రువు ఒకడు ఉండింటే, మన చెరువులో ఈపొద్దు నీళ్లుండేటివి."

ఒలిచిన గింజలు ఆయన చేతిలో పెట్టాను. తిరువళ్లూరులో దిగి ఒకే ఆటోలో కలెక్టరాఫీసుకు పోయాం. ఆయన అర్జీల వరుసలో నిలబడ్డారు, నేను మీటింగుకు పోయాను. వీధి దీపాల మీద వారం తిరగకుండా నాకు మెమో వచ్చింది. అందులో నా పేరు తప్పు లేకుండా ఉంది.

టర్ము అయిపోవస్తుండగా ఆయన కోసం ఒక్క పని చేశాను. మోటారు గది గోడను జరపడం నా వల్ల కాలేదు. సరిగ్గా రాయి ఎదురుగా గోడకు కిటికీ పెట్టించాను. కబురు పంపితే వచ్చారు. మోటారు పక్కన వంగి, కిటికీలోంచి తన పేరు చూసుకున్నారు. చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు తిరిగి అన్నారు, "ఊచలెందుకు పెట్టినావమ్మా? నన్ను జైల్లో ఏసినట్టుండాది." అప్పటి నుంచి రోజూ పొద్దున ఆఫీసు మెట్టుకు వచ్చే ముందు మోటారు గదిలోకి పోయి వచ్చేవారట. మోటారు ఆపరేటరు చెప్పాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి రాయి తుడవడానికి ఊచలు అడ్డమొస్తున్నాయని తర్వాత నా మీద ఒక అర్జీ కూడా పెట్టారు.

అందుకే ప్రూఫులో ఆయన పేరు కింద 'మున్నాళ్ తలైవర్' అని చూడగానే చెయ్యి ఆగలేదు. తమ్ముడికి ఫోను చేశాను.

"ఆ మున్నాళ్ తీసేయమను తమ్ముడూ. ఆయనకు ఆ మాట పడదు."

"అదెట్లక్కా? ఉత్త తలైవర్ అని ఏస్తే చూసినోళ్లు ఏమనుకుంటారు? ఇప్పుడు తలైవరు నేను కదా!"

"నువ్వు కుర్చీలో ఉండావు. దిగినాక అవుదువులే."

వాడికీ ఆ మాట ఎవరిదో తెలుసు. మెట్టు మీద కూర్చుని ఆయన వాడికీ చెప్పే ఉంటారు. "సరేక్కా," అన్నాడు చివరికి, "పోయిన నెల కూడా నా మీద అర్జీ పెట్టినాడు ఆయన. తప్పు నాదేలే. షాపామెకు మీరే చెప్పేయండి."

షాపులో టైపు చేసే అమ్మాయికి తమిళం తప్ప రాదు. ఆ అమ్మాయికి వాయిస్ మెసేజి పెట్టాను. మనసు బాగాలేనప్పుడు నాకు రెండు భాషలూ కలిసిపోతాయి. "అమ్మా, మున్నాళ్ వేండాం, వద్దు. తలైవర్ మాత్రం. అంతే." పది నిమిషాల్లో రెండో ప్రూఫు వచ్చింది.

పైన కణ్ణీర్ అంజలి. మధ్యలో చెయ్యెత్తిన పెద్దాయన. కింద పెద్ద అక్షరాల్లో, 'తలైవర్ మాఱ్ఱం'. ప్రెసిడెంటు మార్పు!

ఒక్కదాన్నే వంటింట్లో నిలబడి పగలబడి నవ్వాను. చెవికి ఒకటే మాదిరి, కంటికి వేరే. ఆ అమ్మాయి తప్పు లేదు, ఆ రోజు నేను విన్నట్టే ఈరోజు తనూ వింది. నేను చదవకుండా సరే అని పంపి ఉంటే, చచ్చి పదో రోజున కూడా ఆయన కుర్చీ ఇంకొకరికి పోయిందని బస్టాపులో బోర్డు కట్టేవాళ్లం. ఇది కనక ఆయన చూస్తే! ఆ చెయ్యి అందుకే లేచి ఉన్నట్టుంది ఫోటోలో.

నవ్వుతూ నవ్వుతూ ఆ మాటను వేళ్లతో పెద్దది చేసి చూశాను. ఒకదాని వెనక ఒకటి, రెండు బండి ఱలు. నవ్వు ఆగిపోయింది. పడమట మేత భూమి ఇంకా మేత భూమిగానే ఉంది. పొద్దున కూడా మా వీధి ఆవులు అటే పోయాయి. ఆ రోజు దాన్ని ఎత్తుకుపోలేక ఉత్తగా తిరిగిపోయిన ఆ రెండు బండ్లూ ఇన్నాళ్లకు ఆయన కోసం వచ్చాయి. ఈసారి చెయ్యెత్తి ఆపేవాళ్లెవరూ లేకపోయారు. అప్పుడు ఏడ్చాను, గట్టిగానే. ఆయన తిట్టించుకున్న ప్రతి తిట్టుకూ ఏడ్చాను.

కాసేపటికి షాపుకు ఫోను చేశాను. "ఆ రెండో మాట తీసేయమ్మా," అన్నాను తమిళంలో.

"మీరు చెప్పిందే కదా మేడం టైపు చేశాను?" అంది ఆ అమ్మాయి.

"చెప్పింది నేనే. చదివింది కూడా నేనే. తీసేయి."

మూడో ప్రూఫు వచ్చింది. ఆయన పేరు కింద 'తలైవర్' అని ఒక్క మాటే ఉంది. పై నుంచి కింది దాకా రెండుసార్లు చదివాను. చదివాకే, సరే అని పంపాను మామా.